మూకుడు నుంచి మ్యాన్‌హోల్ దాకా: మెస్ వంటింట్లో నూనె లెక్క

బెంగళూరులో ఆంధ్రా మెస్ పెడదామనుకునేవాళ్లు నాకు ఫోన్ చేస్తే అడిగేవి కొన్నే ప్రశ్నలు. అద్దె ఎంత, వంట మాస్టర్ జీతమెంత, మంచి గోంగూర ఎక్కడ దొరుకుతుంది. వాడిన నూనెని ఏం చేస్తారని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. తీరా మెస్ మొదలెట్టిన కొన్నాళ్లకి అదే మనిషి మళ్లీ ఫోన్ చేస్తాడు. "అక్కా, సింకులోంచి నీళ్లు వెనక్కి తంతున్నాయి, కింద షాపువాళ్లు గొడవకొస్తున్నారు."

మాది కావలి వైపు. మారతహళ్లి దగ్గర మెస్ నడుపుతున్నాం. వంట సంగతి మా ఆయన చూసుకుంటారు, నూనె, గ్యాసు, సరుకుల లెక్క నాది. ఫోన్‌లో విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

వంటింట్లో జిడ్డు మూడు రకాలు. మూకుట్లో వేపుళ్లు అయ్యాక మిగిలే నూనె మొదటిది. అంట్లు తోమిన నీళ్లతో పోయి గ్రీజ్ ట్రాప్‌లో, అంటే సింకు నీళ్లలోని జిడ్డుని ఆపే తొట్టిలో, తేలేది రెండోది. ఆవిరితో పైకి లేచి పొయ్యి మీది పొగ గూడుకి (హుడ్), పొగ బయటికి పోయే గొట్టానికి (డక్ట్) పట్టేది మూడోది. మొదటిదాన్ని మన దగ్గర కొనుక్కుని పోతారు. రెండోదాన్ని తీయించడానికి మనమే ఎదురు డబ్బివ్వాలి. మూడోదాన్ని పట్టించుకోకపోతే ఏదో ఒక రోజు అంటుకుంటుంది. చాలా మెస్సుల్లో జరిగేదేమిటంటే మొదటి రకాన్ని చేజేతులా రెండో రకం చేసుకోవడం. డ్రమ్ములోకి పోవాల్సిన నూనె సింకులోకి పోతుంది. రావాల్సిన డబ్బు రాకపోగా చేతి డబ్బు వదులుతుంది.

మూకుడు దగ్గరే మొదలు

ఎక్కువసేపు కాగితేనే నూనె పాడవుతుందనుకుంటాం. కాగడం ఒక కారణమే. నీళ్లు, ఉప్పు, పిండి తునకలు, గాలి కూడా పాడు చేస్తాయి. చికెన్ 65కి మసాలా పట్టించిన ముక్కల్ని నీరు కారుతుండగానే మూకుట్లో వేస్తే ఆ నీళ్లు వేడికి నూనెని విడగొడతాయి, ఆమ్లం పెరుగుతుంది. అందుకే ముక్కల్ని ముందు జల్లెడలో వేసి నీరు వడిచాకే వేయండి. ఉప్పు, కారం చల్లాలనుకుంటే మూకుడు మీద చల్లకండి, పక్కన పళ్లెంలోకి తీశాక చల్లండి.

తునకలు అంతకంటే పెద్ద శత్రువులు. మిర్చి బజ్జీ, పునుగులు వేసినప్పుడు రాలిన పిండి చుక్కలు అడుగుకి చేరి మాడుతూనే ఉంటాయి. ప్రతి వాయికీ చిల్లుల గరిటెతో దేవాలి. ఆ గరిటె స్టీలుదై ఉండాలి. పాత ఇత్తడి గరిటెలు చూడ్డానికి బాగుంటాయి కానీ రాగి ఉన్న ఏ లోహం తగిలినా నూనె తొందరగా ముక్కిపోతుంది.

వేసే వరస కూడా చూసుకోండి. మా దగ్గర అప్పడాలు, వడియాలు ముందు. తర్వాత గారెలు, ఆపైన బజ్జీలు. చేపలకీ చికెన్‌కీ మూకుడే వేరు. ఒకే మూకుట్లో పొద్దున చేపలు, సాయంత్రం పునుగులు అంటే తినేవాడికి వాసన తెలిసిపోతుంది.

వేడి 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉంటే చాలు. వంటకి వాడే థర్మామీటర్ ఒకటి కొనండి. పొగ లేచాకే నూనె కాగినట్టు లెక్క అనుకునే మాస్టర్లు ఉన్నారు. పొగ లేచిందంటే నూనె విరిగిపోవడం మొదలైనట్టు. మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం దాకా ఆర్డర్లు పల్చగా ఉంటాయి. ఆ టైములో మూకుడు కింద మంట ఊరికే పెట్టి ఉంచకండి. గ్యాసూ దండగ, నూనే దండగ.

ఏ నూనె అనేది కూడా ఉంది. సన్‌ఫ్లవర్ తేలిగ్గా ఉంటుంది, కానీ వేపుళ్లకి తొందరగా అలిసిపోతుంది. పామోలిన్ ఎక్కువ ఓర్చుకుంటుంది. ఏది వాడినా పాత నూనెలో కొత్తది కలిపి మట్టం పెంచే అలవాటు మాన్పించండి. పాత నూనెలో అప్పటికే విరిగి ఉన్న పదార్థాలు కొత్త నూనెనీ తొందరగా విరగ్గొడతాయి. చూసేవాళ్లకి ఆదా చేసినట్టే ఉంటుంది, చివరికి రెండూ పారబోయాలి.

రాత్రి మూకుడు దింపాక నూనె గోరువెచ్చగా, చేతికి భయం లేకుండా ఉన్నప్పుడు స్టీలు జల్లెడలో పల్చటి గుడ్డ పరిచి వడగట్టాలి. బాగా చల్లారితే గుడ్డలోంచి దిగదు. అడుగున మిగిలిన మడ్డిని నీళ్లు పోసి కడిగేయకండి. కాగితంతో తుడిచి తడి చెత్తలో వేయండి. వడగట్టిన నూనె మీద మూత పెట్టి వెలుతురు తగలని చోట ఉంచండి.

ఎప్పుడు తీసేయాలి

2018 జులై 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నిబంధన ఒకటుంది. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే దాన్ని ఇక వంటకి వాడకూడదు. నూనె కాగీ కాగీ విరిగి తయారయ్యే పదార్థాల కొలత అది. బీపీ, రక్తనాళాలు పూడుకుపోవడం, లివర్ జబ్బులు వీటితో ముడిపడి ఉన్నాయనే ఈ హద్దు పెట్టారు. కొత్త డబ్బా విప్పినా కొన్ని శాతం చూపిస్తుంది, పామాయిల్‌కి ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది. కంగారు పడకండి.

ఈ శాతం కొలవడానికి టీపీఎం మీటర్ దొరుకుతుంది, పొడుగాటి పుల్లలా ఉంటుంది. నూనె వేడిగా ఉండాలి, అందులో ఏమీ వేగుతూ ఉండకూడదు. వాయి తీశాక బుడగలు అణిగేదాకా కొన్ని నిమిషాలు ఆగి ముంచాలి. నీటి బుడగలుంటే అంకె తప్పు వస్తుంది. మూకుడు అంచుకీ అడుగుకీ ఆనించకూడదు. చిన్న మెస్ అయితే మీటర్ బరువు అనిపిస్తుంది. రంగు మారే స్ట్రిప్‌లు తెప్పించుకుని వారంలో కొన్నిసార్లు చూసినా మీ నూనె ఎన్ని పూటలకి అలిసిపోతుందో అంచనా దొరుకుతుంది.

మేము 22 దగ్గరే తీసేస్తాం. 25 దాకా ఆగితే రద్దీలో ఎవరూ చూడరు, అది 28 అవుతుంది. మొదట్లో మా మాస్టర్‌కి ఇది నచ్చలేదు.

"అమ్మా, రంగు చూడండి, బంగారంలా ఉంది. ఇంకో రెండు పూటలు లాగొచ్చు."

"మీటర్ ముంచు మాస్టరూ."

23 చూపించింది. ఇప్పుడు ఆయనే నాకు చెప్పకుండా ముంచి చూసుకుంటాడు. రంగుని నమ్మకపోవడానికి కారణముంది. చికెన్ 65 వేస్తే కారం, మసాలా దిగి కొత్త నూనె కూడా ఎర్రబడుతుంది. అప్పడాలు మాత్రమే వేయించిన నూనె లోపల చెడినా పైకి తేటగా కనిపించొచ్చు. మీటర్ లేని రోజు మాత్రం ఈ గుర్తులు చూడండి: నీలం బూడిద రంగు పొగ, గరిటెతో కదిపినా పోని నురగ, జిగురుగా సాగడం, నల్లబడి మసకగా ఉండడం. వీటిలో ఏది కనిపించినా దించేయండి.

ఒకసారి వేపుళ్లకి వాడిన నూనెని వడగట్టి కూరకి వాడుకోవచ్చు, అదీ ఒకటి రెండు రోజుల్లోపే. మేమైతే అప్పడాల నూనె అదే రోజు తాలింపులకి వాడేస్తాం. చేపలు, చికెన్ వేయించింది నేరుగా డ్రమ్ముకే.

డ్రమ్ము, పుస్తకం, గేటు దగ్గరి మనిషి

మా వంటింట్లో తెలుగు, ఒడియా, నేపాలీ, కన్నడ అన్నీ వినిపిస్తాయి. ఏ భాషలో చీటీ అంటించినా ఎవరో ఒకరు చదవలేరు. అందుకే రంగు పెట్టుకున్నాం. ఎర్ర డ్రమ్ము అంటే వాడిన నూనె, అందులో ఇంకేదీ పడకూడదు. దానికి బిగుతు మూత, మూతలో గరాటు, గరాటులో జాలీ ఉంటాయి. గ్యాస్ సిలిండర్లకి దూరంగా, వాన పడని చోట పెట్టండి. పూర్తిగా చల్లారిన నూనే పోయాలి. వేడి మూకుడుని ఇద్దరు పట్టుకుని తడి నేల మీద నడిచే సాహసం ఎవరినీ చేయనివ్వకండి.

రోజుకి 50 లీటర్లకి మించి వేపుళ్లకి నూనె వాడేవాళ్లు రికార్డు పెట్టాలని, వాడిన నూనెని అనుమతి ఉన్న సంస్థలకే ఇవ్వాలని 2019 మార్చి 1 నుంచి నిబంధన ఉంది. అంత వాడకపోయినా పుస్తకం పెట్టండి. తేదీ, నూనె పేరు, వేపుళ్లకి తీసింది ఎంత, రోజు చివర డ్రమ్ములోకి పోసింది ఎంత, ఎవరు ఎప్పుడు ఎంత తీసుకెళ్లారు. ఇన్స్పెక్టర్ అడిగితే చూపించడానికి పనికొస్తుంది సరే, నాకు అసలు ఉపయోగం వేరే ఉంది. గారెలు, బజ్జీలు కొంత నూనె పీలుస్తాయి. ఆ పీల్చేది మన మెనూలో దాదాపు ఒకేలా ఉంటుంది. కొన్ని వారాలు రాశాక ఇంత తీస్తే ఇంత తిరిగి రావాలని ఒక లెక్క కుదురుతుంది. డ్రమ్ములోకి వచ్చేది ఉన్నట్టుండి తగ్గిందంటే నూనె సింకులోకి పోతోంది, లేదా వెనక తలుపులోంచి పోతోంది. రెండూ అడిగి తేల్చుకోవాల్సిన విషయాలే.

లెక్క రాసేటప్పుడు లీటర్లు, కిలోలు కలపకండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. 15 లీటర్ల డబ్బా అంటే పదమూడున్నర కిలోల పైచిలుకు, 15 కిలోల డబ్బా అంటే పదహారున్నర లీటర్లు. కొనేటప్పుడు లీటర్లలో రాసి, అమ్మేటప్పుడు కిలోల్లో రాస్తే నెలాఖరుకి లెక్క ఎన్నటికీ తేలదు.

నూనె తీసుకెళ్లే సంస్థల పేర్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైటులో ఉంటాయి. 2018లో మొదలెట్టిన రూకో అనే కార్యక్రమం కింద వీళ్లు వాడిన నూనెని సేకరించి బయోడీజిల్ తయారీకి పంపుతారు. నూనెని మిథనాల్‌తో, కాస్టిక్ లాంటి క్షారంతో కలిపితే బయోడీజిల్, గ్లిజరిన్ వేరవుతాయి. అందులో నీళ్లుంటే డీజిల్ బదులు సబ్బు తయారవుతుంది. మీ డ్రమ్ములో నీళ్లు చూస్తే వాళ్లు రేటు తగ్గించేది అందుకే. నీళ్లు నూనె కింద చేరతాయి కాబట్టి పైనుంచి చూస్తే కనపడవు. గొట్టంతో అడుగు నుంచి తీసి చూస్తారు. రసీదు తప్పకుండా తీసుకోండి.

ఇక గేటు దగ్గరి మనిషి సంగతి. ఆటోలో డబ్బాలు పెట్టుకుని వస్తాడు, రసీదు ఇవ్వడు, కిలోకి రెండు మూడు రూపాయలు ఎక్కువ ఇస్తానంటాడు. డీజిల్ చేసేవాడి కంటే ఎక్కువ ఎలా ఇవ్వగలడో ఆలోచించండి. నూనెగానే మళ్లీ అమ్మితే తప్ప అతనికి గిట్టదు. మనం పారేసిన నూనె రంగు పోగొట్టుకుని ఏ బండి మీద మూకుట్లోకో చేరుతుంది. సాయంత్రం మన కుర్రాళ్లే ఆ బండి దగ్గర తింటారు. నా వరకు ఇందులో బేరం లేదు.

సింకు

అరిటాకులో భోజనం పెట్టేవాళ్లకి ఒక సుఖం ఉంది, ఆకులు నేరుగా తడి చెత్తలోకి పోతాయి, ప్లేట్ల జిడ్డు ఉండదు. అసలు జిడ్డంతా కూర గిన్నెలది. మటన్ వేపుడు, చికెన్ కూర, నెయ్యి పోసిన పప్పు. గిన్నె సింకు దగ్గరికి వచ్చే ముందే రబ్బరు పలకతో గీకి, పాత న్యూస్‌పేపరుతో తుడవాలి. తోమేవాళ్లకి ఇది అదనపు పని అనిపిస్తుంది. రెండు రోజులు పక్కన నిలబడి చేయించండి. తుడిచిన గిన్నెకి సబ్బూ నీళ్లూ తక్కువ పడతాయని వాళ్లకే తెలుస్తుంది, ఆ తర్వాత చెప్పక్కర్లేదు.

వేడి నీళ్లు పోస్తే జిడ్డు పోతుందనే మాట నమ్మకండి. మీ సింకులోంచి పోతుంది, నిజమే. నాలుగు గజాలు పోయాక చల్లారి గట్టిపడుతుంది. బెంగళూరు డిసెంబరు, జనవరి ఉదయాల చలికి మాంసం కొవ్వు, డాల్డా పైపులోనే పేరుకుంటాయి. పైగా మనకి వచ్చేది ఎక్కువగా బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు. అందులోని కాల్షియం జిడ్డులోని ఆమ్లాలతో కలిసి గట్టి సబ్బులా మారుతుంది. పైపు లోపల తెల్లగా రాయిలా కనిపించేది అదే. అది వేడి నీళ్లకి కరగదు. 2024 మార్చిలో నీళ్ల కరువొచ్చినప్పుడు బెంగళూరు నీళ్లు, మురుగు లైన్లు చూసే బోర్డు బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ హోటళ్ల కుళాయిలకి ఏరేటర్లు, అంటే గాలి కలిపి ధార తగ్గించే మూతులు, తప్పనిసరి చేసింది. నీళ్ల ధార తగ్గితే పైపులో జిడ్డుని తోసుకుపోయే నీళ్లు కూడా తగ్గుతాయి. కాబట్టి గీకి తుడవడం ఇదివరకటి కంటే ఇప్పుడు ఎక్కువ అవసరం.

నేల మీద నూనె ఒలికితే రంపపు పొట్టు చల్లి, పీల్చాక ఊడ్చేయండి. నీళ్లు కొట్టి డ్రైన్‌లోకి తోయకండి.

గ్రీజ్ ట్రాప్

ట్రాప్ చేసేదల్లా నీళ్లని కాసేపు నిలబెట్టడం. నిలబడితే జిడ్డు తేలుతుంది, మడ్డి కిందికి దిగుతుంది, మధ్యలోని నీళ్లు వంపు పైపు గుండా బయటికి పోతాయి. నిలబడే టైము దాదాపు అరగంట ఉండాలి. రద్దీలో మీ కుళాయిలన్నీ కలిపి నిమిషానికి 20 లీటర్లు పోస్తాయనుకుంటే 600 లీటర్ల ట్రాప్ కావాలి. సింకు కింద పెట్టే చిన్న స్టీలు పెట్టె అంతసేపు ఆపలేదు. చోటు లేక అదే పెట్టుకుంటే రోజూ రాత్రి తీసి శుభ్రం చేయాలి. మరుగుదొడ్డి లైను ఎట్టి పరిస్థితిలోనూ ట్రాప్‌కి కలపకూడదు.

ఎప్పుడు తీయించాలో ఒక కర్ర చెబుతుంది. మూత తెరిచి కర్ర దించితే పైన జిడ్డు తెట్టు ఎంత మందమో, అడుగున మడ్డి ఎంతో చేతికి తెలుస్తుంది. రెండూ కలిపి మొత్తం లోతులో నాలుగో వంతుకి చేరితే తీయించాలి. 60 సెంటీమీటర్ల లోతుంటే 15 దగ్గర. నెలకోసారి అని క్యాలెండర్ చూసి చేయించే కంటే ఇది నయం, ఎందుకంటే పండగ నెలలో తొందరగా నిండుతుంది. మొదట్లో వారానికోసారి కొలిచి రాస్తే మీ వంటింటి వేగం తెలుస్తుంది.

తీసిన మనుషులు వెళ్లేముందు మీరే వంగి చూడండి. పైన తెట్టు మాత్రమే తోడి అడుగు మడ్డి వదిలేసేవాళ్లు ఉంటారు. బయటికి పోయే వంపు పైపు విరిగి ఉంటే జిడ్డంతా నేరుగా లైన్లోకి పోతుంది, ట్రాప్ ఉన్నా లేనట్టే. శుభ్రం చేశాక ట్రాప్‌ని మంచినీళ్లతో నింపాలి. ఖాళీగా వదిలితే మొదట వచ్చే జిడ్డు తేలే అవకాశం లేకుండా జారిపోతుంది. యాసిడ్, కాస్టిక్ పోయకండి, అవి జిడ్డుని కరిగించి ముందుకి తోస్తాయి, అది రోడ్డు కింద గట్టిపడుతుంది. ఎంజైమ్ పొడులు అమ్మేవాళ్లు వస్తారు. వాసనకి కాస్త పనికొస్తాయేమో గానీ తోడించడం తప్పదు. ట్రాప్‌లోని జిడ్డుని ఎర్ర డ్రమ్ములో కలపడం మాత్రం చేయకండి, డ్రమ్ము మొత్తానికీ రేటు పోతుంది.

నేల కింద పెద్ద గుంత ఉన్నవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎంత అర్జెంటైనా, ఎవరు "నేను దిగుతా దీదీ" అన్నా, గుంతలోకి మనిషిని దించకండి. కుళ్లిన జిడ్డులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, అంతలో మనిషి కుప్పకూలతాడు. తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించడాన్ని నేరం చేసింది. మీ గుంతనీ అలాగే చూడండి. పైనుంచి మిషన్‌తో లాగించండి.

హుడ్

దీనికి రెండు ముక్కలు చాలు. హుడ్‌లో జిడ్డుని ఆపే రేకులు, అంటే బఫుల్ ఫిల్టర్లు, రోజూ రాత్రి దించి వేడి నీళ్లలో డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) వేసి నానబెట్టండి, కింద జిడ్డు చేరే గిన్నె వంచేయండి. ఫిల్టర్లు అల్యూమినియంవైతే కాస్టిక్ వాడకండి, లోహం తినేస్తుంది, మండే గ్యాసు వస్తుంది. డక్ట్ లోపల చేతికి అందదు కాబట్టి ఏడాదికి కొన్నిసార్లు మనుషుల్ని పిలిపించి తెరిపించి శుభ్రం చేయించాలి.

మూకుట్లో నూనె అంటుకుంటే గ్యాసు కట్టేసి, మూత వేసి, లేదా ఫైర్ బ్లాంకెట్ కప్పి వదిలేయండి. నీళ్లు పోయొద్దు. లీటరు నీళ్లు ఒక్కసారిగా దాదాపు 1700 లీటర్ల ఆవిరై మండే నూనెని పైకప్పు దాకా చిమ్ముతాయి. గోడకి వేలాడే మంటలార్పే సిలిండర్ ఏ రకమో ఈరోజే చూసుకోండి. నూనె మంటకి వెట్ కెమికల్ రకం కావాలి, దాని మీద ఎఫ్ లేదా కె అని ఉంటుంది.

ఇంత చేసినా ఎప్పుడో లైను పొంగుతుంది. ప్లంబర్‌ని పిలిచే ముందు మీ బిల్డింగ్ మురుగు లైను రోడ్డు లైన్లో కలిసే ముందున్న చివరి చాంబర్ మూత ఎత్తి చూడండి. అందులో నీళ్లు నిండి ఉంటే అడ్డం అవతల ఉంది, అది బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ లైను, 1916కి ఫోన్ చేసి కంప్లెయింట్ నంబరు రాసుకోండి. సింకు పొంగుతున్నా ఆ చాంబర్ ఖాళీగా ఉంటే అడ్డం మీ లోపలే ఉంది. ముందు ట్రాప్ బయటి పైపు చూడమని ప్లంబర్‌కి చెప్పండి, రోడ్డు తవ్వాలని చెబితే ఒప్పుకోకండి.